ఆక్స్‌ఫర్డ్ అడగని వ్యాసం

1913 వేసవి. ఫ్రాన్సు ఉత్తర తీరంలో, దియెప్ రేవుకు దగ్గర్లో వరాంజ్‌విల్ అనే చిన్న ఊరు. ఆ ఊళ్లో ఒక ఇంట్లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఏదో రాయాలనుకున్నాడు. పైన పేరు పెట్టాడు: ‘నా యాభై ఏళ్ల జీవితం’. ఏటా కొంచెం కొంచెం కలుపుతూ పోవాలని అతని ఆలోచన. యాభై ఏళ్లకు చేరాల్సిన ఆ పుస్తకంలో అప్పటికి చేతిలో ఉన్నది పద్దెనిమిదేళ్లే.

ఆ కుర్రాడు మదనపల్లెలో పుట్టాడు. 1895 మే నెలలో, ఎనిమిదో సంతానంగా. ఎనిమిదోవాడు కాబట్టే కృష్ణుడి పేరు పెట్టారు, కృష్ణమూర్తి అని. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో తహసీల్దారు. తల్లి సంజీవమ్మ.

అతను అమ్మతోనే మొదలుపెట్టాడు. చిన్నతనంలో తనకున్న సంతోషమంతా ఆమె చుట్టూనే ఉందన్నాడు. బడి సంగతి దాచుకోలేదు. పంతుళ్లు దయగా చూడలేదని, వాళ్లు చెప్పిన పాఠాలు తనకు మించిపోయాయని రాసేశాడు. 1905 డిసెంబరులో కడపలో అమ్మ పోయింది. అప్పటికి అతనికి పదేళ్లు. ఆ తర్వాత జరిగిందాన్ని అతను రాసిన తీరు చదివితే ఇవాళ్టికీ గుండె ఆగినంత పనవుతుంది. అమ్మ రూపం మెట్లెక్కి పోతుంటే వెంటపడ్డాడట. చెయ్యి చాచి ఆమె కట్టుకున్న బట్ట పట్టుకున్నాననుకున్నాడట. మెట్ల పైకి చేరగానే ఆమె లేదు. బడికి నడిచిపోతుంటే వెనకాల అడుగులు, వాటితో పాటు చేతి గాజుల చప్పుడు. ఆ గాజుల చప్పుడు వల్లనే ఆ సంగతి అంత బాగా గుర్తుండిపోయిందని కూడా రాశాడు.

ఒక్క క్షణం ఇక్కడ ఆగాలి. ఇవాళ మదనపల్లె నుంచి, పుంగనూరు నుంచి, కుప్పం నుంచి ఇంటర్ చదువుతున్న పిల్లలు అమెరికా కాలేజీలకు దరఖాస్తు పెట్టుకుంటే వాళ్లను అడిగేది ఇదే. నువ్వెవరు, ఎక్కడి నుంచి వచ్చావు, నిన్ను తయారు చేసింది ఏమిటి, మా దగ్గరికే ఎందుకు రావాలనుకుంటున్నావు. మదనపల్లె కుర్రాడొకడు నూరేళ్ల కిందటే ఎవరూ అడగకుండా ఇందులో మొదటి మూడింటికీ జవాబు రాసి పెట్టుకున్నాడు. సరిగ్గా అదే వేసవిలో అతన్ని ఆక్స్‌ఫర్డ్‌కు తయారుచేస్తున్నారు. ఆక్స్‌ఫర్డ్ మాత్రం ఆ కాగితాలు అడగలేదు. నాలుగో ప్రశ్నకు అతని బదులు అందరూ జవాబు చెప్పేశారు. ఈ కథలో నన్ను పట్టి కుదిపేది అదే.

నారాయణయ్య రిటైరై, 1909 జనవరిలో పిల్లలను తీసుకుని మద్రాసు అడయారు చేరాడు. ఆయన చాలా ఏళ్లుగా దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు, సమాజం ఆవరణలో పని దొరికింది. కృష్ణమూర్తినీ తమ్ముడు నిత్యానందనూ మైలాపూరు బడిలో వేశారు. అక్కడ కృష్ణకు రోజూ బెత్తం దెబ్బలే. చిన్నప్పటి మలేరియా జ్వరాలు బడిని చాలావరకు మింగేశాయి. మిగిలిన కాలమంతా పరధ్యానం. పంతుళ్ల లెక్కలో అతను మందబుద్ధి. అదే పిల్లవాడు ఒకసారి ఇంట్లో గడియారం విప్పదీసి, అదెలా నడుస్తుందో తెలుసుకుని మళ్లీ బిగించేదాకా బడికి పోనన్నాడు. ఈ సంగతి అతని జీవిత చరిత్రల్లో కనిపిస్తుంది. మైలాపూరు బడికి ఇది పట్టలేదు.

ఆ ఏడే అడయారు సముద్రపు ఒడ్డున దివ్యజ్ఞాన సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ అతన్ని చూశాడు. ఆ పిల్లవాడిలో స్వార్థం మచ్చుకైనా లేదని, ఇతను లోకానికి గురువు కాబోయేవాడని ప్రకటించాడు. సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ నమ్మింది. 1910 మార్చిలో నారాయణయ్య తన పిల్లలిద్దరి సంరక్షణనూ ఆమెకు అప్పజెప్పాడు. 1911లో ఆ కుర్రాడి చుట్టూ ఒక సంఘమే పుట్టింది, దాని పేరు ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్. అదే ఏడు మేలో అన్నదమ్ములు మొదటిసారి లండన్‌లో దిగారు. బిసెంట్ వాళ్లను ఆక్స్‌ఫర్డ్ చూపించడానికి తీసుకెళ్లింది. ఒక తోట విందులో, మే నెల చలిలో, ఇద్దరు తెలుగు పిల్లలు గజగజ వణుకుతూ నిలబడ్డారు. 

ఆక్స్‌ఫర్డ్ ఎందుకు? బిసెంట్‌ను అడిగితే, లోకగురువు కాబోయేవాడికి ఇంగ్లండులో పెద్దమనుషుల చదువు ఉండాలి కాబట్టి. కాశీ సెంట్రల్ హిందూ కాలేజీ ప్రిన్సిపాల్ పదవి వదులుకుని ఈ పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చిన జార్జి అరండేల్‌ను అడిగినా అదే. మిస్ డాడ్జ్ అనే అమెరికా సంపన్నురాలు కృష్ణకు జీవితాంతం ఏటా 500 పౌండ్లు, నిత్యకు యూనివర్సిటీలో ఉన్నంత కాలం ఏటా 300 పౌండ్లు ఏర్పాటు చేసింది. నారాయణయ్య కూడా మొదట కొడుకులు ఇంగ్లండులో పెద్ద చదువు చదవాలనే ఒప్పుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజీలో పేర్లు రాయించారు. డబ్బుంది, ట్యూటర్లున్నారు, పలుకుబడి ఉన్న పెద్దలున్నారు. ఇవాళ మన ఊళ్లలో ఒక పిల్లకు ఇందులో పదో వంతు ఉన్నా ఎగిరి గంతేస్తాం.

కుర్రాడిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇది నేను అంటున్న మాట కాదు. 1912లో నారాయణయ్య మనసు మారింది. పిల్లలను తిరిగిచ్చేయమని బిసెంట్ మీద కేసు వేశాడు. మద్రాసు హైకోర్టులో ఆయన తరఫున సి.పి. రామస్వామి అయ్యర్ వాదిస్తే, బిసెంట్ తన వాదన తానే వినిపించుకుంది. 1913 ఏప్రిల్‌లో న్యాయమూర్తి బేక్‌వెల్ తండ్రి పక్షాన తీర్పిచ్చాడు. బిసెంట్ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1914 మేలో అక్కడ ఆమె గెలిచింది. ప్రివీ కౌన్సిల్ పట్టుకున్న విషయం ఏమిటంటే, ఇంత పెద్ద వ్యాజ్యంలో ఆ పిల్లల తరఫున మాట్లాడేవాళ్లు లేరు, వాళ్ల ఇష్టం ఏమిటో కనుక్కున్నవాళ్లు లేరు. నూరేళ్ల కిందటి ఆ తీర్పును ఇవాళ మన ఇంటర్ కాలేజీల గోడల మీద పెద్దక్షరాలతో రాయించాలని నాకనిపిస్తుంది.

గెలిచినా ఆక్స్‌ఫర్డ్ పోయింది. కేసు పత్రికలకెక్కింది, లోకగురువు అన్న మాట కాలేజీ పెద్దలను బెదరగొట్టింది. న్యూ కాలేజీ వద్దంది. ఆక్స్‌ఫర్డ్‌లో మరెక్కడా చోటు దొరకలేదు. కేంబ్రిడ్జి ఆశ కూడా నిలవలేదు. మిగిలింది లండన్ యూనివర్సిటీ. అందులో చేరాలంటే మెట్రిక్యులేషన్ గట్టెక్కాలి. ఇంగ్లీషు, లెక్కలు తప్పనిసరి, వాటితో పాటు ఇతర సబ్జెక్టులు. యుద్ధం నడుస్తున్న రోజులవి. అన్నదమ్ములను రోచెస్టర్‌లో జాన్ శాంగర్ అనే పాదిరీ దగ్గర పెట్టారు. పరీక్షలకు పిల్లలను గట్టిగా తయారు చేసే మనిషి ఆయన.

ఆ గదిని ఊహించుకోవచ్చు. ఒక బల్లకు అటు నిత్య, ఇటు కృష్ణ. నిత్యకు పుస్తకం లొంగుతుంది. కృష్ణకు కళ్లు పేజీ మీదే ఉన్నా మనసు కిటికీ దాటిపోతుంది. ఇద్దరి మధ్య పోటీ లేదు. తమ్ముడే అన్నకు పాఠం చెప్పి ఉంటాడు, నవ్వించి ఉంటాడు. మదనపల్లెలో చిన్నప్పుడు మాట్లాడుకున్న తెలుగు మెల్లమెల్లగా జారిపోతోంది. పెద్దయ్యాక కృష్ణమూర్తికి తెలుగు రాదు. బడి పేరుతో, ఆక్స్‌ఫర్డ్ పేరుతో అతని దగ్గర్నుంచి పోయినవాటిలో అమ్మ మాట్లాడిన భాష ఒకటి.

నిత్య మెట్రిక్ పాసయ్యాడు, లా చదువుకు వెళ్లాడు. కృష్ణ తప్పాడు. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ తప్పాడు. మూడోసారీ అంతే. 1920లో పరీక్షలు వదిలేసి ఫ్రెంచి నేర్చుకోమని పారిస్ పంపించారు. అతని జీవితంలో డిగ్రీ అనేది ఇక రాలేదు.

ఆ రోజుల్లోనే అతని సొంత ఊరిలో ఏం జరుగుతోందో చూడండి. ఆక్స్‌ఫర్డ్ తలుపు మూసుకున్న మరుసటి ఏడు, 1915లో, అదే బిసెంట్ మదనపల్లెలో కాలేజీ పెట్టింది. అదే ఇవాళ్టి బీటీ కాలేజీ. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ అక్కడికొచ్చి ఉన్నాడు. జనగణమనను ఆయన ఇంగ్లీషు చేసింది అక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలు రాసి పెట్టింది. అంటే మదనపల్లె కుర్రాడు ఇంగ్లండులో పరీక్షలతో కుస్తీ పడుతున్న కాలానికి, మదనపల్లె కుర్రాళ్లకు సొంత ఊళ్లోనే కాలేజీ ఉంది, అందులో టాగోర్ పాట వినే అదృష్టం ఉంది. కొన్నేళ్లకు కృష్ణమూర్తే తిరిగొచ్చి, ఊరికి దగ్గర్లోని లోయలో బడి కావాలన్నాడు. అదే రిషి వ్యాలీ. పరీక్ష కోసం పిల్లను నలిపేయొద్దని ఆ బడి ఇప్పటికీ పట్టుబట్టి ఉంటే, దాని వెనకాల మైలాపూరు బెత్తమూ రోచెస్టర్ బల్లా ఉన్నాయనే నా నమ్మకం.

ఇప్పటి సంగతికి వద్దాం. ఆక్స్‌ఫర్డ్ అప్పుడు అడగనిది ఇప్పుడు అడుగుతోంది. ఇంగ్లండు యూనివర్సిటీల్లో దాదాపు అన్నిటికీ డిగ్రీ దరఖాస్తు యూకాస్ ద్వారానే వెళ్తుంది. 2026 ప్రవేశాల నుంచి అందులో ఒక్క పెద్ద వ్యాసం బదులు మూడు ప్రశ్నలు పెట్టారు. ఈ సబ్జెక్టే ఎందుకు, నీ చదువు నిన్ను దానికెలా సిద్ధం చేసింది, చదువుకు బయట ఏం చేశావు. మూడింటికీ కలిపి 4000 అక్షరాలు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకు గడువు అక్టోబరు 15.

అమెరికా దారి వేరు. కామన్ యాప్ ప్రతి ఆగస్టు 1న తెరుచుకుంటుంది. 650 పదాలు మించని ఒక ప్రధాన వ్యాసం అన్ని కాలేజీలకూ వెళ్తుంది. దానికి తోడు ఒక్కో కాలేజీ విడిగా అడిగే చిన్న వ్యాసాలుంటాయి, వాటినే సప్లిమెంటల్ ఎస్సేలంటారు. ఎక్కువగా 100 నుంచి 400 పదాల మధ్య. యేల్ ఇటీవలి ఏళ్లలో ‘మా దగ్గరికే ఎందుకు’ అన్నదానికి 125 పదాలే ఇస్తోంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు కామన్ యాప్‌లో లేవు. అవి ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి ఒక్కోటి 350 పదాలు మించకుండా రాయమంటాయి. కామన్ యాప్‌లోని చాలా కాలేజీల్లో తొందరగా దరఖాస్తు చేసేవాళ్లకు నవంబరు 1 ప్రాంతంలో, మిగతావాళ్లకు జనవరి మొదట్లో గడువు. ఎనిమిది కాలేజీలకు పెట్టుకున్న పిల్ల చేతిలో పాతిక దాకా చిన్న వ్యాసాలు పడతాయి. అదే సమయంలో ఇక్కడ ఇంటర్ రెండో ఏడు, ఈఏపీసెట్ కోచింగ్.

ఈ వ్యాసాలు పుట్టిన చరిత్ర అంత పవిత్రమేమీ కాదు. 1920ల్లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ కాలేజీలు పరీక్ష మార్కులతో పాటు శీలం, కుటుంబం, నేపథ్యం అడగడం మొదలుపెట్టాయి. మార్కుల్లో ముందుంటున్న యూదుల పిల్లలను తగ్గించాలన్నది దాని వెనకున్న ఉద్దేశం. తలుపు మూయడానికి పెట్టిన గడియ అది. అయినా నూరేళ్లలో ఆ ప్రశ్నల పని చాలా మారింది. మార్కుల కాగితంలో కనిపించని పిల్లలు తమను తాము చూపించుకునే చోటు ఇప్పుడు అదే. అడిగినవాడి ఉద్దేశం ఏదైనా, ఆ పది వరుసలూ మన పిల్లవే. వాటిని వదులుకోవద్దని నేను ఎంత గట్టిగా చెప్పగలనో అంత గట్టిగా చెప్తాను.

ఎందుకంటే వాటిని కూడా మనం పిల్లల చేతుల్లోంచి లాగేసుకుంటున్నాం. డబ్బున్నవాళ్లు హైదరాబాదులోనో బెంగళూరులోనో కన్సల్టెంటుకు కట్టి రాయించుకుంటున్నారు. లేనివాళ్లు ఫోన్‌లో అడిగితే యంత్రం రాసి పెడుతోంది. చదువుకున్న మామో బాబాయో ‘ఇట్లా రాయి, పెద్దగా ఉంటుంది’ అంటాడు. బిసెంట్, అరండేల్, మిస్ డాడ్జ్ చేసిందీ ఇదే. ప్రేమ లేక కాదు. వాళ్లందరికీ ఆ కుర్రాడంటే ప్రాణం. అతని బదులు జవాబు చెప్పడమే ప్రేమ అనుకున్నారు.

పుంగనూరు దగ్గర ఒక పల్లె నుంచి ఒక పిల్ల దరఖాస్తు పెడుతోందనుకుందాం. ఇది ఊహే. కానీ మన ప్రాంతం తెలిసినవాళ్లకు ఈ పిల్ల కూడా తెలిసే ఉంటుంది. స్టాటిస్టిక్స్ చదవాలని ఉంది. ఒక కాలేజీ 150 పదాల్లో మా దగ్గరికే ఎందుకని అడిగింది. ఆమె మొదట రాసింది: మీ విశ్వవిఖ్యాత అధ్యాపకులు, మీ వైవిధ్యభరితమైన వాతావరణం, ప్రపంచాన్ని మార్చాలనే నా కల. కాలేజీ పేరు తీసేసి ఇంకో కాలేజీ పేరు పెట్టండి. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. అట్లా ఉన్నంతసేపూ అది ఆ కాలేజీకి రాసిన జవాబు కాదు, ఆ పిల్ల రాసిన జవాబు అంతకంటే కాదు.

మరి ఏం రాయాలి? కుప్పం పిల్లవాడైతే తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే వీధిలో ఎలా నేర్చుకున్నాడో రాయొచ్చు. కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల్లో పెట్టిన క్యాంపస్‌లో పిల్లలే పిల్లలకు సైన్సు చెప్తారు. అక్కడ తను చెప్పిన ఒక పాఠం చిన్నపిల్లకు ఎందుకు అర్థం కాలేదో, రెండోసారి ఏం మార్చి చెప్పాడో రాస్తే, ఆ కాలేజీలో ఏ క్లాసులో తను పనికొస్తాడో దానంతటదే తెలుస్తుంది. పుంగనూరు ఆవు గురించి రాయాలనిపిస్తే, అది ప్రపంచంలోనే చిన్న ఆవుల్లో ఒకటి అని రాస్తే సరిపోదు. ఆ వాక్యం ఎవరైనా రాస్తారు. పొద్దున్నే దాని పాలు పిండినవాళ్లకే తెలిసిన మాట ఒకటుంటుంది, అది రాయాలి.

మన పుంగనూరు పిల్లకు టమోటాలున్నాయి. మదనపల్లె మార్కెట్‌కు నాయన పంట తోలుతాడు. 2023 జూలైలో అక్కడ కిలో 200 రూపాయల దాకా పోయింది. అదే మార్కెట్లో కోత కూలి కూడా రాక పంటను రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ ఉన్నాయి. ఆమె ఎనిమిదో తరగతి నుంచి ఒక నోటుబుక్కులో రోజువారీ ధరలు రాసిపెట్టింది. ఎవరూ చెప్పలేదు. ఊరకే రాసింది. అదే ఆమె గడియారం. ఆ కాలేజీలో ధరల ఎగుడుదిగుళ్ల మీద ఏ కోర్సు ఉంది, ఆ నోటుబుక్కుతో ఆమెకు తేలని ప్రశ్న ఏమిటి, ఆ కోర్సులో అది ఎక్కడ తేలొచ్చు. ఈ మూడూ కలిస్తే ఇంకో కాలేజీకి పనికిరాని జవాబు వస్తుంది.

రాత్రి దీపం కింద కూర్చుని రాస్తోందనుకోండి. అమ్మ వచ్చింది.

“ఏం మే, ఇంత పొద్దుపోయినా రాస్తానే ఉండావు?”

“కాలేజీవాళ్లు అడిగినారు మా, మా దగ్గరికే ఎందుకు వస్తావని.”

“ఏం రాస్తివి?”

పిల్ల ఇంగ్లీషులో రాసుకున్నదాన్ని తెలుగులో చదివి చెప్పింది. ధరల నోటుబుక్కు, బాక్సుల లెక్క, ఆ ఏడు ధర పడిపోయిన రోజు. నాయన ట్రాక్టర్ ఆపి టమోటాలన్నీ రోడ్డు పక్కన పారబోశాడని చదివింది. అమ్మ అక్కడ ఆపింది.

“మీ నాయన కాదు మే. ఆయప్ప బండి దిగనేలేదు. పారబోసింది నేను. నువ్వప్పుడు బాక్సులు లెక్కపెడతా ఉంటివి.”

పిల్ల అమ్మ మొహంలోకి చూసింది. ఆ లెక్క నోటుబుక్కులో ఉంది. అది రాసిన రోజు తను చూసింది బాక్సులనే, బాక్సులు ఎత్తి పోసిన చేతులను కాదు. ఆ వరుస కొట్టేసింది. 150లో ఇంకా 40 పదాలకు చోటుంది.

“ఎన్ని బాక్సులు మా, నీకు గుర్తుండాదా?” అని అడిగింది.